గురువారం

బెర్గెన్‌లో వాన గురించి ఎవరూ మాట్లాడరు,
గొడుగుల గురించి మాట్లాడతారు.
రేవు వెనక సందులో మూడు మెట్లు దిగితే
ఒడ్వార్ దుకాణం.
గోడల నిండా ఊచలు, సీసాల్లో రివెట్లు,
ఒక్క పిడి కూడా ఇంకో పిడిలా ఉండదు.

"ఎన్నాళ్లు పడుతుంది?" అన్నాడు మొదటి రోజే,
చూపు నా మీద కాదు, సూది మీద.
నాలుగు నెలలు, అన్నాను. ఆరు కావచ్చు.
పోటీ గట్టిగా ఉంటే ఏడాది.
"విరిగిన గొడుగుతో ఎవరొచ్చినా
గురువారం రమ్మంటాను నేను.
గురువారానికి సిద్ధంగా ఉంటుంది."
నా చేతిలో వంగిపోయినదాన్ని కూడా
అడక్కుండానే లాక్కున్నాడు.

నా వృత్తిలో గురువారాలు లేవు.

ఆయన సైట్ నెత్తిన
'వర్ష రక్షణ ఉపకరణాల పునరుద్ధరణ' అని ఉంది.
మేనల్లుడు రాసిపెట్టాడట.
గాలికి తిరగబడ్డ గొడుగుతో బస్టాపులో నిలబడి
తడి బొటనవేలితో
ఆ మాటలు ఎవరు కొడతారు?
వారం రోజులు కౌంటర్ పక్కన స్టూలు వేసుకున్నాను.
జనం నోట రాలిన మాటల్ని రాలినట్టే ఏరుకున్నాను:
ఊచ ఊడింది.
నొక్కితే తెరుచుకోదు, తెరుచుకుంటే మూసుకోదు.
ఇది మా ఆయనది. పారేయాలంటారా?

మాటలు మార్చాను. బరువు ఫొటోలు తేలిక చేశాను.
పేజీకీ పేజీకీ దారులు వేశాను.
ఇక ఎదురుచూడటమే పని.
దానికి బిల్లు వేయడం ఎలాగో నాకింతవరకూ తెలీదు.
ఎవరో వస్తారు, ముఖం లేనివాళ్లు, చెప్పులు లేనివాళ్లు,
గుమ్మం నుంచి పెరడు దాకా చదువుకుంటారు,
ఇంటికెళ్లి కబురు చేస్తామని లేచిపోయిన
పెళ్లిచూపులవాళ్లలా మాయమవుతారు.

నవంబరులో డెబ్బై నాలుగు.
ఎనిమిదో పేజీకి దారి తప్పినవాళ్లే వస్తారు.
డిసెంబరులో నలభై ఒకటి. కేకు పట్టుకెళ్లాను.
జనవరిలో అక్కడెక్కడో లెక్కలు మార్చారు,
ఏ తప్పూ చేయని మేము అరవై మూడుకి జారాం.
చెప్పడానికి మెట్లు దిగుతుంటే
నా నడక విని ముందే కాఫీ పోశాడు.
ఇదీ ఏడు కొండల ఊరే.
కాకపోతే మొక్కుకునే వీలు లేదు.

ఫిబ్రవరిలో ఒక క్లిక్.
ఊళ్లోంచే, రాత్రి పదకొండున్నరకి.
గంతేసినంత పని చేశాను.
ఒడ్వార్ చెవులు ఎర్రబడ్డాయి.
"నేనే," అన్నాడు.
"ఉన్నానో లేదో చూసుకుందామని."

ఆ రాత్రే కాబోలు ఒక కాగితం మీద రాశాడు:
'పారేయకండి. పట్టుకు రండి.
బాగుపడదంటే ఆ మాటా నేనే చెప్తాను,
చెప్పినందుకు డబ్బు తీసుకోను.'
అచ్చుతప్పులు దిద్ది ఎక్కించాను.
వ్యూహం, కీవర్డు, ఏమీ ఆలోచించలేదు.
సగం జాలితో చేశాను, నిజం చెప్పాలంటే.

ఏప్రిల్‌లో పదకొండు.
రెండో పేజీలో మొదటి వరుస. అంటే గుమ్మం బయట,
చూరు నీళ్లు సరిగ్గా నెత్తిన పడే చోటు.

ఆ మంగళవారం ఒకావిడ దిగింది,
ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో నల్ల గుడ్డ చుట్టిన ఎముకలగూడు.
కొత్తవి అమ్మే పది కొట్లు దాటుకుని వచ్చానంది,
'పారేయకండి' అని కనబడితే ఆగానంది.
ఒడ్వార్ దాన్ని విప్పి, ఊదాడు,
కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు.
"గురువారం."

ఆవిడ వెళ్లాక
పదిలోకి ఎప్పుడని అడుగుతాడనుకున్నాను.
సరిపోయే ఊచ కోసం డబ్బా కుమ్మరించాడు.
నేను కాలర్ పైకి లాక్కుని వానలోకి లేవబోయాను.

కొక్కేనికి నా గొడుగు,
అక్టోబరు చీటీతో, బాగై, దుమ్ము పట్టి.